సైట్లో ఉందని తెలిసినా వెతికితే దొరకదు: తెలుగులో ఎలా వెతకాలి?

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు సంగతులు అడిగారు. ఏడో తరగతి పిల్లలకు చెప్పడానికి వేమన పద్యం ఒకటి కావాలి, "ఉప్పు కప్పురంబు" అని మొదలవుతుందని గుర్తుంది, పాత పుస్తకాల పాఠం ఉచితంగా పెట్టే వికీసోర్స్‌లో కొడితే సరైన పేజీ రాలేదు. మీ అమ్మమ్మగారి ఊరు కొత్తపల్లికి తెలుగు వికీపీడియాలో (తెవికీ అంటాం) పేజీ ఉందని తమ్ముడు చెప్పాడు, మీకు మాత్రం వేరే వేరే కొత్తపల్లులు వస్తున్నాయి. మూడోది, సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' స్కాన్, పాత పుస్తకాలను దాచి పెట్టే సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉందని విన్నారు, పేరు తెలుగులో టైప్ చేస్తే ఏమీ రావడం లేదు. "సైట్లో ఉన్నదాన్ని సైటే చూపించకపోతే ఎలా సార్" అని రాశారు.

ఆ విసుగు నాకు బాగా తెలుసు. కాలేజీ లైబ్రరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పదేళ్లకు పైగా తెవికీలో, వికీసోర్స్‌లో రాస్తూ, దిద్దుతూ ఉన్నాను. రాసేది తక్కువ, వెతికేది ఎక్కువ. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి. ఇది ఒకసారి చేతికి అలవాటైతే మీకు రోజూ పనికొస్తుంది.

అసలు విషయం ఇది. సెర్చ్ బాక్స్ మన మనసులో ఉన్న అర్థాన్ని చూడదు, మనం కొట్టిన అక్షరాలను చూస్తుంది. అవే అక్షరాలు ఏ పేజీలో ఉన్నాయో వెతికి తెస్తుంది. గూగుల్ లాంటివి కొంత ఊహిస్తాయి గానీ చాలా సైట్ల సొంత సెర్చ్ అంతగా ఊహించదు. తెలుగులో ఒక్క మాటకు ఎన్ని రూపాలో చూడండి: పుస్తకం, పుస్తకము, పుస్తకాలు, పుస్తకాన్ని, పుస్తకంలో, పుస్తకాలకు. మనకు ఇవన్నీ ఒకటే మాట. సెర్చ్‌కు ఇవి ఆరు వేర్వేరు అక్షరాల గుంపులు. అందుకని వెతికే ముందు "నాకు ఏం కావాలి" అని కాకుండా, "ఆ పేజీ టైప్ చేసినవాళ్లు ఏ అక్షరాలు కొట్టి ఉంటారు" అని ఆలోచించాలి. ఎవరు రాసినా ఒకేలా రాసే ముక్క ఏదో పట్టుకోవాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే.

మీ పద్యంతోనే మొదలుపెడదాం. మనకు నోటికి వచ్చిన రూపం ఇది:

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

వేమన పద్యాలు నోటి మీద, తాళపత్రాల మీద తరాలు దాటి వచ్చినవి. బ్రౌన్ దొర వాటిని సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఆ తర్వాత ఎన్నో సంకలనాలు వచ్చాయి. ఒక్కొక్కరు ఒక్కోలా అచ్చు వేశారు. ఈ రెండు పాదాల్లో ఏది ఎలా మారుతుందో చూడండి. "ఉప్పు కప్పురంబు" కొన్ని పుస్తకాల్లో "ఉప్పుగప్పురంబు" అని ఒకే మాటగా ఉంటుంది. గసడదవాదేశం వచ్చి కకారం గకారం అయింది, మధ్యలో ఖాళీ పోయింది. మీరు "కప్పురంబు" అని కొడితే ఆ పేజీలో ఆ మాటే లేదు, ఇక సెర్చ్ ఎక్కడి నుంచి తెస్తుంది? "నొక్క పోలిక" దగ్గర "నొక్కపోలిక" అని కలిపి రాసేవాళ్లున్నారు, "ఒక్క పోలిక" అని విడదీసేవాళ్లున్నారు. "చూడ చూడ" పాత అచ్చులో అరసున్నతో "చూడఁజూడ" అయిపోతుంది. కింది పాదంలో "పుణ్య పురుషులు" కలిపి కూడా రాస్తారు. "వేరయ" అని ఒకరు, "వేరయా" అని ఇంకొకరు.

మరి మారనిది ఏది? "రుచుల". దానికి ముందు సంధి లేదు, అరసున్న లేదు, శకటరేఫం లేదు, ఎవరు రాసినా అదే. పక్కన "జాడ" కూడా అంతే. కాబట్టి సెర్చ్‌లో కొట్టాల్సింది పద్యం మొదటి మాట కాదు, "రుచుల జాడ". ఈ రెండింటినీ కొటేషన్ గుర్తుల మధ్య పెడితే, రెండు మాటలూ అదే వరసలో పక్కపక్కనే ఉన్న పేజీలే వస్తాయి. ఎవరైనా "రుచులజాడ" అని కలిపి రాసి ఉంటారేమో అని అనుమానం వస్తే కొటేషన్లు తీసేసి, "రుచుల" పక్కన ఖాళీ వదలకుండా నక్షత్రం గుర్తు పెట్టండి. ఇలా: రుచుల*. ఈ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ తెమ్మని దానర్థం. కలిపి రాసినా విడదీసి రాసినా దొరుకుతుంది. వచ్చిన పేజీలో వందల పద్యాలు ఉంటాయి, కళ్లతో వెతుక్కోకండి. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి మళ్లీ "రుచుల" కొట్టండి, నేరుగా పద్యం దగ్గరికి తీసుకెళ్తుంది. ఫోన్లో అయితే బ్రౌజర్‌లో మూడు చుక్కల మెనూ నొక్కితే పేజీలో వెతికే వీలు ఉంటుంది. చాలామందికి ఇది ఫోన్లో ఉందనే తెలియదు.

పద్యాలు వెతికేటప్పుడు నాకు అలవాటైన పద్ధతి ఇది: పాదం మొదటి మాట, చివరి మాట వదిలేస్తాను. సంధులు, ద్రుతాలు ఎక్కువగా అక్కడే దెబ్బ తీస్తాయి. మధ్యలో ఉన్న, సంధి తగలని, కొంచెం అరుదైన మాట ఒకటి తీసుకుంటాను. "విశ్వదాభిరామ" అని కొడితే వేమన పద్యాలన్నీ వచ్చి మీద పడతాయి. "రుచుల" అంటే చాలా తక్కువ.

ఇప్పుడు ఆ నక్షత్రం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగుకు అది బాగా కలిసొచ్చే గుర్తు. కంప్యూటర్ లోపల "పుస్తకం" అనే మాట పు, స్త, క అనే అక్షరాలకు చివర సున్న చేరి ఉంటుంది. "పుస్తకాలు"లో అదే క పక్కన దీర్ఘం ఉంటుంది. అంటే తలకట్టు ఉన్న "పుస్తక" వరకు రెండిట్లోనూ ఒకటే. కాబట్టి పుస్తక* అని కొడితే పుస్తకం, పుస్తకము, పుస్తకాలు, పుస్తకాన్ని అన్నీ ఒకేసారి వస్తాయి. మాటను ఎప్పుడూ తలకట్టు ఉన్న హల్లు దగ్గర ఆపి నక్షత్రం పెట్టండి. హైదరాబాద* అంటే హైదరాబాదు, హైదరాబాదులో, పొల్లుతో ముగిసే హైదరాబాద్ కూడా. వరంగల* అంటే వరంగల్, వరంగల్లు, వరంగల్‌లో. ఓరుగల్లు మాత్రం రాదు, దాన్ని విడిగా కొట్టాల్సిందే. "ఊరు" కావాలంటే ఊర* అనండి, ఊరు, ఊరి, ఊరిలో వస్తాయి. కానీ "ఊళ్లో" రాదు. "చెట్టు", "చెట్లు" రెండూ కావాలంటే ఇంకొంచెం వెనక్కి జరిగి చెట్* అని పొల్లు దగ్గర ఆపాలి. "ఇల్లు, ఇంటి" లాంటివి రూపమే మారిపోతాయి, వాటికి నక్షత్రం సాయం చేయదు. మరీ పొట్టిగా ఆపేస్తే వేల పేజీలు వస్తాయి కాబట్టి వీలైతే మూడు నాలుగు అక్షరాలైనా ఉంచండి.

ఇది తెవికీలో, వికీసోర్స్‌లో, వికీ నిఘంటువు విక్షనరీలో పనిచేస్తుంది. వేరే సైట్లలో నక్షత్రం పనిచేస్తుందో లేదో ఒకసారి పుస్తక* కొట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

నక్షత్రానికి లొంగని చిక్కు ఇంకోటి ఉంది, అది వర్ణక్రమం. కొన్నేళ్ల కిందట మా జిల్లాలోని ఒక పాత గ్రంథాలయం గురించి తెవికీలో వెతికాను. లేదని వచ్చింది. ఆ ఊరు వెళ్లి, ఫోటోలు తీసుకుని, అక్కడి పాత రిజిస్టర్లు చూసి, రెండు రోజులు కూర్చుని వ్యాసం రాశాను. నెల తిరక్కుండా ఒక తోటి సభ్యుడు చెప్పాడు, ఆ వ్యాసం అప్పటికే ఉందని. పేరులో "గ్రంధాలయం" అని ధ తో ఉంది. నేను థ తో వెతికాను. చివరికి రెండూ కలిపి ఒకటి చేశాం. రెండు రోజుల శ్రమలో సగం, అప్పటికే వేరొకరు చేసి పెట్టిన పని. అప్పటి నుంచి లేదని తేల్చుకునే ముందు కనీసం మూడు రూపాల్లో వెతుకుతాను.

తెలుగులో ఇలా తికమక పెట్టే జంటలు కొన్నే, గుర్తుపెట్టుకోవచ్చు. థ-ధ (విద్యార్థి, విద్యార్ధి), ళ్ళ-ళ్ల (పెళ్ళి, పెళ్లి), ఱ్ఱ-ర్ర (గుఱ్ఱం, గుర్రం), య-ఎ (యెవరు, ఎవరు), క్రొ-కొ (క్రొత్త, కొత్త). వీటిలో ఏదైనా మీ మాటలో ఉంటే రెండు రూపాలూ కొట్టండి. తెవికీలో రెండుసార్లు వెతకక్కర్లేదు, రెండు మాటల మధ్య ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో OR అని పెడితే ఏదో ఒకటి ఉన్న పేజీలన్నీ వస్తాయి. పాత నిఘంటువుల్లో అయితే పాత రూపమే కొట్టాలి. శబ్దరత్నాకరం లాంటి వాటిలో ప్రధాన పదం "గుఱ్ఱము" అని ఉంటుంది, "గుర్రం" అని కాదు. ఆంధ్రభారతి సైట్లో చాలా నిఘంటువులను ఒకేచోట వెతకొచ్చు, అక్కడ కూడా మాట చివర "ము" పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చూస్తే మంచిది.

కంటికి కనపడని చిక్కు కూడా ఒకటుంది. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం. కొందరు పెట్టరు, అప్పుడు అది "సాఫ్ట్వేర్" అవుతుంది. ఫేస్‌బుక్, హైదరాబాద్‌లో, అన్నిటికీ ఇదే. చూసేవాళ్లకు ఒకటే మాట, కొన్ని సైట్ల సెర్చ్‌కు రెండు. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట వెతుకుతూ ఉంటే పొల్లు రాకముందే ఆపేయండి: సాఫ్ట*. గొడవే ఉండదు.

ఇక మీ కొత్తపల్లి. ముందుగా తెవికీ సెర్చ్ బాక్స్ ఎలా నడుస్తుందో చెప్పాలి, సగం మంది ఇక్కడే ఆగిపోతారు. టైప్ చేస్తుంటే కింద జారే జాబితా ఉంది చూశారా, అది పేజీల పేర్లు మాత్రమే చూస్తుంది, అదీ పేరు మొదటి నుంచి. పేజీ లోపల ఏముందో ఆ జాబితాకు పట్టదు. అందులో లేదని వదిలేయకూడదు. ఎంటర్ కొట్టి అసలు వెతుకులాటకు వెళ్లాలి. ఇంకో సంగతి, మీరు కొట్టిన పేరుతో సరిగ్గా ఒక పేజీ ఉంటే ఎంటర్ కొట్టగానే నేరుగా ఆ పేజీ తెరుచుకుంటుంది, ఫలితాల జాబితా రాదు. మీకు జరిగింది అదే. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటే ఆ పేరు మీద "అయోమయ నివృత్తి" పేజీ ఉంటుంది, అన్ని ఊళ్ల పేర్లూ మండలాలతో సహా అక్కడ వరసగా ఉంటాయి. దాన్ని దాటి జాబితా కావాలంటే మాటకు ముందు ~ గుర్తు పెట్టి కొట్టండి.

కొత్తపల్లి లాంటి ఊళ్లకు పేజీ పేరులో కుండలీకరణాల్లో మండలం పేరు ఉంటుంది. కాబట్టి ఊరి పేరు, మండలం పేరు రెండూ కలిపి కొట్టండి. కొత్తపల్ల* అంటే కొత్తపల్లి, కొత్తపల్లె రెండూ వస్తాయి. "క్రొత్తపల్లి" అని ఉండే అవకాశం కూడా ఉంది, అదీ చూడండి. జిల్లా పేరును మాత్రం నమ్ముకోవద్దు. మీ అమ్మమ్మగారు చెప్పే జిల్లా ఇప్పుడు అదే జిల్లా కాకపోవచ్చు. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ముప్పై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. కొన్ని మండలాలు కూడా కొత్తగా ఏర్పడ్డాయి, ఊళ్లు ఒక మండలం నుంచి ఇంకో మండలానికి మారాయి. పేజీలు ఆ మేరకు దిద్దారు, చాలా పేజీల్లో పూర్వపు జిల్లా పేరు కూడా రాశారు, కానీ పేజీ పేరులో ఏ మండలం ఉందో ముందుగా చెప్పలేం.

అంకెలకు ఈ బాధ లేదు. అంకెకు వర్ణక్రమం లేదు, విభక్తి లేదు, సంధి లేదు. తెవికీ గ్రామాల పేజీల్లో పిన్ కోడ్ ఉంటుంది, చాలావాటిలో 2011 జనగణన లొకేషన్ కోడ్ కూడా ఉంటుంది. మీ అమ్మమ్మగారి ఇంటికి వచ్చిన పాత ఉత్తరం మీద పిన్ కోడ్ చూసి, ఆరంకెలు, పక్కన కొత్తపల్ల* కొట్టండి. ఆ పిన్ కోడ్ కింద పది ఊళ్లుండొచ్చు, కొత్తపల్లి మాత్రం సాధారణంగా ఒకటే ఉంటుంది.

ఒక్కోసారి వెతకడం కన్నా నడిచి వెళ్లడమే త్వరగా అవుతుంది. మండలం పేజీ తెరవండి, మండలంలోని గ్రామాల జాబితా ఉంటుంది, మీ ఊరి పేరు మీద నొక్కితే అయిపోయింది. మండలం పేరు ఖాయంగా తెలిస్తే నేనైతే ఇదే చేస్తాను. ఇక్కడో జాగ్రత్త: పేజీలు ఎక్కువగా రెవెన్యూ గ్రామాలకు ఉంటాయి. మీ కొత్తపల్లి ఇంకో ఊరికి శివారు గ్రామం అయితే దానికి విడిగా పేజీ ఉండకపోవచ్చు, ఆ పెద్ద ఊరి పేజీలో ఒక వాక్యంగా ఉంటుంది. అప్పుడు పేజీ పేరులో వెతికితే రాదు, లోపలి పాఠంలో వెతికితే వస్తుంది. మీ తమ్ముడు చూసింది అలాంటిదేమో అడగండి.

ఫలితాల పేజీలో పైన ఉన్నత అన్వేషణ అని తెరుచుకునే భాగం ఒకటి ఉంటుంది. అందులో "పేజీ పేరులో ఈ మాట ఉండాలి", "ఈ మాట ఉండకూడదు", "ఈ వర్గంలో ఉండాలి" అని విడివిడిగా గళ్లు ఉంటాయి. గుర్తులు, సంకేతాలు గుర్తుంచుకోవడం కష్టం అనిపిస్తే అవి నింపితే చాలు. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెట్టినా అదే పని జరుగుతుంది. వేరేవాళ్ల కంప్యూటర్లో తెలుగు కీబోర్డు లేకపోయినా ఫర్వాలేదు, వికీ సైట్లలో పెట్టెలో కర్సర్ పెట్టి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే అక్కడికక్కడే తెలుగు టైపింగ్ మొదలవుతుంది.

వికీసోర్స్‌కు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ పుస్తకాలు రెండు అంతస్తుల్లో ఉంటాయి. స్కాన్ చేసిన ప్రతి పేజీకి "పుట" అనే పేరుబరిలో (విడి విభాగంలో) ఒక పేజీ, ఆ పుటలన్నీ కలిపి చదువుకోవడానికి వీలుగా పేర్చిన అసలు పేజీ. దిద్దుబాటు పూర్తికాని పుస్తకాలు ఇంకా పుటల దగ్గరే ఉంటాయి. కాబట్టి ఫలితాలు తక్కువ వస్తే, ఎక్కడెక్కడ వెతకాలో ఎంచుకునే చోట "పుట" కూడా టిక్ పెట్టి మళ్లీ వెతకండి. చాలాసార్లు కావాల్సింది అక్కడే ఉంటుంది.

పుటలకు రంగులుంటాయి. ఎరుపు అంటే యంత్రం చదివి పెట్టిన పాఠం, మనిషి ఇంకా సరిచూడలేదు. పసుపు అంటే ఒకరు దిద్దారు. ఆకుపచ్చ అంటే రెండోవాళ్లు కూడా చూశారు. ఎరుపు పుటల్లో ప బదులు వ, ష బదులు ప, థ బదులు ధ పడి ఉండటం మామూలే, పాత అచ్చు మసకగా ఉంటే యంత్రం అలాగే చదువుతుంది. "పాపము" అన్న మాట "పావము" అయిపోతే మీరెంత సరిగ్గా కొట్టినా దొరకదు. అందుకే ఒక మాట దొరకకపోతే అదే వాక్యంలోని ఇంకో మాటతో ప్రయత్నించాలి. ప, వ, ష లేని మాటైతే మరీ మంచిది. నేను ఎరుపు పుటలు దిద్దడానికి కూర్చునేది ఇందుకే. ఒక్క అక్షరం దిద్దితే ఆ పుట వెతికేవాళ్లకు కనపడడం మొదలవుతుంది. దిద్దిన కాసేపటికే సెర్చ్‌లోకి వస్తుంది కూడా, రోజులు ఆగక్కర్లేదు.

మూడోది, మీ పుస్తకం. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దీనికే ఇచ్చారు. రచయిత 1953లో పోయారు, మన చట్టం ప్రకారం పోయిన తర్వాత అరవై ఏళ్లు దాటితే కాపీహక్కు ఉండదు కాబట్టి ఇది అందరూ స్వేచ్ఛగా చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భారత డిజిటల్ లైబ్రరీ కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, వాటిలో చాలావాటి పేర్లు తెలుగు లిపిలో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టారు, అదీ ఒక పద్ధతిలో కాదు. "ఆ" కోసం ఒకరు ఒక 'ఎ', ఇంకొకరు రెండు 'ఎ'లు. "త" కోసం ఒకరు 'టి', ఇంకొకరు 'టి-హెచ్'. సున్నకు ఒకచోట 'ఎన్', ఒకచోట 'ఎమ్'. మీరు తెలుగులో కొడితే రాకపోవడానికి కారణం అదే.

ఇక్కడ కూడా మన సూత్రమే. ఎవరు రాసినా ఒకేలా రాసే ముక్క ఏది? "ఆంధ్రుల" మొదటి అక్షరంలోనే దీర్ఘం ఉంది, నమ్మలేం. "సాంఘిక"లో దీర్ఘం, సున్న, వత్తు అన్నీ ఉన్నాయి. "ప్రతాపరెడ్డి"లో త ఉంది, రెడ్డి కలిపి రాశారో విడదీశారో తెలియదు. "సురవరం" చూడండి. దీర్ఘం లేదు, వత్తు లేదు, త లేదు, చ లేదు. ఇంగ్లీషులో ఎవరు రాసినా దాదాపు ఒకటే వస్తుంది. ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన భాష తెలుగు అని ఎంచుకోండి. వచ్చిన కొద్ది పుస్తకాల్లో మీది కళ్లతోనే పట్టుకోవచ్చు. ఒకే పుస్తకం రెండు మూడు స్కాన్లు ఉండొచ్చు, కొన్నిటిలో పుటలు చిరిగి ఉంటాయి, తెరిచి చూసి మంచిది తీసుకోండి. పిల్లలకు వేరే పాత పుస్తకాలు వెతికేటప్పుడు కూడా పుస్తకం పేరులో, రచయిత పేరులో, ప్రచురణకర్త పేరులో ఇలాంటి పొట్టి, దీర్ఘాల్లేని ముక్క ఏదో చూసుకోండి.

పుస్తకం తెరిచాక లోపల వెతికే భూతద్దం గుర్తు ఉంటుంది, కానీ పాత తెలుగు స్కాన్లలో అది ఒక్కోసారి సరిగ్గా పనిచేయదు. అలాంటి చోట పుటలు బొమ్మలు మాత్రమే, వాటి వెనక అక్షరాలు ఉండవు, ఉన్నా తప్పులతో ఉంటాయి. అప్పుడు లైబ్రరీ పద్ధతికి రావాలి. విషయసూచిక తెరవండి, కావాల్సిన ప్రకరణం పుట సంఖ్య చూసుకోండి. ముందుమాటలు, పీఠికల వల్ల అచ్చులో 1వ పుట స్కాన్‌లో ఎక్కడో ఇరవయ్యో ముప్పయ్యో అవుతుంది. ఆ తేడా ఒకసారి లెక్కేసుకుంటే ఇక ఏ పుటకైనా ఆ సంఖ్య కలిపి నేరుగా వెళ్లొచ్చు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోతే ఒక సాయంత్రం అక్కడే గడిచిపోతుంది. కావాల్సిన నాలుగైదు పుటలు దొరికాక వాటి అక్షరాలు కావాలంటే, ఆ పుటల బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తప్పులుంటాయి, దిద్దుకోవాలి.

పాత వార్తాపత్రికల పీడీఎఫ్‌లు, ప్రభుత్వ పుస్తకాల పీడీఎఫ్‌లు వెతికేటప్పుడు ఇంకో పరీక్ష చేయండి. ఒక వాక్యం మౌస్‌తో ఎంచుకుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే అందులో వెతకొచ్చు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి రాతలు వస్తే అది యూనికోడ్‌కు (ఇప్పుడు అందరూ వాడే అక్షరాల పద్ధతికి) ముందరి ఫాంట్లతో చేసింది, తెరమీద తెలుగులా కనపడుతుందంతే, సెర్చ్‌కు అది తెలుగు కాదు. అసలు ఎంచుకోవడానికే వీలవకపోతే అది బొమ్మ. ఈ అర నిమిషం పరీక్ష చేయకుండా గంటలకొద్దీ మాటలు మార్చి మార్చి వెతికేవాళ్లను చాలామందిని చూశాను, పాపం వాళ్ల తప్పేమీ లేదు, ఎవరూ చెప్పరు.

సైటు సొంత సెర్చ్ మరీ బలహీనంగా ఉంటే గూగుల్‌నే ఆ సైటు లోపల వెతకమనొచ్చు. గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో 'సైట్' అని, వెంటనే కోలన్, ఖాళీ వదలకుండా ఆ సైటు చిరునామా, తర్వాత ఒక ఖాళీ ఇచ్చి మీ మాట కొట్టండి. విభక్తులు, చిన్న చిన్న వర్ణక్రమం తేడాలు గూగుల్ కొంతవరకు సర్దుకుంటుంది. కానీ ఒక సైటులోని పేజీలన్నీ గూగుల్ దగ్గర ఉండవు, ముఖ్యంగా వికీసోర్స్ పుటల్లాంటివి. గూగుల్‌లో రాలేదంటే సైట్లో లేదని కాదు. ముందు సైటు సెర్చ్, తర్వాత గూగుల్, రెండూ చూడాలి.

ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేసేవాళ్లకు ఒక సూచన: అది ఎప్పుడూ ఇప్పటి వాడుక వర్ణక్రమమే రాస్తుంది. కొత్త పేజీలకు బాగుంటుంది. పాత పద్యానికి, పాత పుస్తకానికి చేత్తో టైప్ చేయడమే మేలు.

చివరగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ కొత్తపల్లి పేజీ దొరికాక, మీరు మొదట ఏ పేరుతో వెతికి దొరకక ఇబ్బంది పడ్డారో ఆ పేరుతో ఇంకే పేజీ లేకపోతే ఒక దారిమార్పు పేజీ పెట్టండి. ఆ పేరుతో కొత్త పేజీ తెరిచి, #దారిమార్పు అని రాసి, పక్కన రెండు చదరపు కుండలీకరణాల జతల మధ్య అసలు పేజీ పేరు రాసి సేవ్ చేస్తే చాలు. ఒక్క లైను పని. మీలాగే "క్రొత్త" అనో "పల్లె" అనో కొట్టిన మనిషి నేరుగా ఊరి పేజీకి వెళ్తాడు. నేను ఆ గ్రంథాలయం సంగతి తర్వాత ఇలాంటివి వందల్లో పెట్టాను. ఏ పేజీ పేరులోనైనా థ-ధ తేడా కనిపిస్తే ఇప్పటికీ పెడుతూనే ఉంటాను.

మీ ఊరి మండలం పేరు, పిన్ కోడ్ ఇక్కడ రాయండి. ఈ సాయంత్రం నేను కూడా చూసి, పేజీ ఉంటే లింకు పెడతాను. శివారు గ్రామం అయి ఉండి ఏ పేజీలోనూ దాని ప్రస్తావన లేకపోతే ఆ మాట కూడా చెబుతాను. అప్పుడు అమ్మమ్మగారిని కూర్చోబెట్టుకుని, ఊరి చెరువు, గుడి, బడి వివరాలు అడిగి రాసి పెట్టుకోండి, ఆ పేజీలో ఎలా చేర్చాలో నేను చూపిస్తాను.